నూట డెబ్బై ఒకటి

పోయిన వారం మనం నాలుకమ్మను మందుల షాపు మెట్ల మీద వదిలిపెట్టాం. చేతిలో ఒక జిరాక్సు కాగితం, సంచిలో షుగర్ మీటరు. కాళ్ల కింద నేల ఉందో లేదో తెలియని స్థితి.

కొత్తగా చదువుతున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. కాఫీ గింజలు వేయించి పై దేశాలకు పంపే కంపెనీలో ఆవిడ ముప్పై ఏళ్లుగా రుచి చూసే పని చేస్తోంది. రోజుకి అరవై కప్పులు. చెంచాతో జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేసి, ఈ సరుకు పనికొస్తుంది, ఆ సరుకు పనికిరాదు అని తేల్చేస్తుంది. ఆవిడ తేల్చాక ఇంకెవరూ నోరెత్తరు. అందుకే అసలు పేరు మరుగున పడి నాలుకమ్మ అన్న పేరే స్థిరపడింది. ఎనిమిది నెలల కిందట ఆవిడకి షుగర్ ఉందని తేలింది. ఆ సంగతి తెలిసింది నలుగురికే. భర్త, డాక్టరు, రుచి బల్ల దగ్గర పక్క కుర్చీలో కూర్చునే సొంత చెల్లెలు, గింజలు వేయించే పొగ మామ.

మూడు వారాల కిందట, కొనుగోలుదార్లు వచ్చి కూర్చున్న రోజున, నాలుకమ్మ చెయ్యి వణికింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. చెంచా జారి కప్పు పగిలింది. ఆ తర్వాత కంపెనీ యజమాని పెద్దాయనకి సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. ఈవిడకి షుగర్ ముదిరింది, నాలుక చచ్చింది, ఇంకా ఈవిడ మాట మీద సరుకు పంపితే కంపెనీ పరువు పోతుంది, అని. దానికి జతగా ఆవిడ షుగర్ పుస్తకంలోంచి ఒక పేజీ జిరాక్సు. ఇవాళ పొద్దున పెద్దాయన ఆ ఉత్తరం చదివి వినిపించి, జిరాక్సు చేతికిచ్చి, రేపట్నుంచి బల్ల దగ్గరికి రావొద్దన్నాడు. నాలుకమ్మ తిన్నగా పొగ మామ దగ్గరికి పోయి, పనివాళ్లందరి ముందూ ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. ముసలాయన "నేను కాదమ్మా" అన్నాడు. అంతే అని మళ్లీ మిషను వైపు తిరిగాడు.

ఇంటికొస్తూ స్ట్రిప్పుల కోసం మందుల షాపులో ఆగింది. షాపామె మీటరుకి కొత్త బ్యాటరీ వేసి, "పాత రీడింగులు ఎక్కడికీ పోలేదులెండి, ఇదిగో చూడండి" అని బటన్ నొక్కి చూపించింది. ఆ మీటరు పాతవన్నీ దాచుకుంటుందని నాలుకమ్మకి అప్పటిదాకా తెలియదు. కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్నీ మీటరునీ పక్కపక్కన పెట్టి చూసింది. తారీఖులు అవే. అంకెలు వేరు.

కాగితం మీద ఉన్న చేతిరాత ఆవిడ భర్తది.

*

ఇంటికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. కింద గడియారాలు బాగుచేసే షాపు, పైన రెండు గదుల కాపురం. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో చేతి గడియారం విప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ షాపు వైపు కన్నెత్తి చూడకుండా పక్క మెట్లెక్కి పైకి పోయింది. పని రోజున ఆవిడ మధ్యాహ్నానికే ఇల్లు చేరిన సందర్భాలు ఈ ముప్పై ఏళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఆయన కూడా భూతద్దం నుదుటి మీదికి తోసుకుని వెనకాలే వచ్చాడు.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

ఆవిడ వంటగట్టు దగ్గరికి పోయింది. స్టవ్ మీద నీళ్లు పెట్టింది. ఇంట్లో కాఫీ మానేసినప్పట్నుంచీ, ఏడు వారాలుగా అటక మీద పడున్న చేతి మరని దించి, దుమ్ము తుడిచి, సంచిలోంచి ఆ ఉదయం వేయించిన గింజల పొట్లం తీసి పోసింది. మర గరగరమని తిరుగుతుంటే రెండు గదులూ వాసనతో నిండిపోయాయి.

"కాఫీయా!" అన్నాడాయన. "నీకేమన్నా మతి పోయిందా? పొద్దున ఎంతుందో మర్చిపోయావా? రెండు వందల పద్నాలుగు!"

"మర్చిపోలేదు. మీరు చెప్పినవేవీ నేను మర్చిపోలేదు."

ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. మీటరు తీసింది. సూది తీసింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నాలుకమ్మకి నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. తన వేలి మీద పొడుచుకునే నెత్తురు బొట్టయినా సరే. అందుకే మొదటి రోజు నుంచీ ఆ పని ఆయనదే. రోజూ పొద్దున ఆరున్నరకి ఇద్దరూ ఈ బల్ల దగ్గరే కూర్చునేవాళ్లు. ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుని చెయ్యి చాపేది. ఆయన ఆ చేతిని తన అరచేతిలోకి తీసుకుని, గడియారం పళ్లచక్రాన్ని ముట్టుకున్నంత సుతారంగా సూది తాకించి, అంకె చదివి చెప్పి, పుస్తకంలో రాసుకునేవాడు. "అయిపోయింది, కళ్లు తెరువు" అనేవాడు. ఈ రోగం వచ్చినందుకు ఒక్క లాభం ఉందని ఆవిడ చెల్లెలితో నవ్వుతూ అంది కూడా, పెళ్లయిన కొత్తలోలాగా రోజూ చెయ్యి పట్టుకుంటున్నాడే అని.

ఇప్పుడూ ఆయన అలవాటుగా ఎదుటి కుర్చీ లాక్కుని అరచెయ్యి చాపాడు.

"అక్కర్లేదు" అందావిడ. "నేనే చూసుకుంటాను."

"నువ్వా? పడిపోతావు!"

ఆవిడ పళ్లు బిగించి సూది పొడుచుకుంది. కళ్లు మూసుకోలేదు. ఎర్రగా ఊరిన బొట్టు చూస్తుంటే కళ్లు తిరిగాయి, చెవుల్లో గుయ్‌మంది. అయినా స్ట్రిప్పు అంచుకి తాకించింది. మీటరు అయిదు లెక్కపెట్టి అంకె చూపించింది.

"నూట తొమ్మిది" అని చదివింది. ఆయన మొహం వైపు చూసింది. "పొద్దున రెండు వందల పద్నాలుగు. ఏమీ మానకుండానే, మధ్యాహ్నానికి సగం అయిపోయింది. వింతగా లేదూ?"

ఆయన చాపిన అరచెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నుదుటి మీద భూతద్దం ఇంకా అలాగే ఉంది.

నీళ్లు కాగాయి. ఆవిడ లేచి కాఫీ కలుపుకుంది. పాలు లేవు, పంచదార లేదు. నల్లగా, చిక్కగా, ఒక కప్పు. ఏడు వారాల తర్వాత ఉమ్మకుండా మింగిన మొదటి గుక్క అది. మామూలు రోజైతే ఆ గుక్కకి కళ్లు మూసుకునేది. ఇవాళ కళ్లు ఆయన మీదే పెట్టి తాగింది.

"ఒక గంట కూర్చుందాం. గంట తర్వాత మళ్లీ చూస్తాను. డాక్టరు చెప్పినట్టే. ఈలోగా మీకొక పనుంది." జిరాక్సు కాగితం తన ముందు పెట్టుకుని, మీటరు ఆయన ముందుకి జరిపింది. "నేను పుస్తకంలో ఉన్నది చదువుతాను. మీరు మీటరులో ఉన్నది చదవండి. ఎప్పుడూ చదివేది మీరే కదా."

"అందులో పాతవి..."

"ఉంటాయట. ఎడమ పక్క బటన్. నొక్కండి."

చేతి గడియారంలో వెంట్రుకంత తీగని వణకకుండా పట్టుకునే వేళ్లు ఆ బటన్ నొక్కడానికి రెండుసార్లు తడబడ్డాయి.

"నాలుగో తారీఖు. పుస్తకంలో రెండు వందల ఇరవై ఆరు."

"నూట ఇరవై ఆరు" అన్నాడు, వినపడీ వినపడకుండా.

"ఆరో తారీఖు. రెండు వందల ముప్పై ఒకటి."

"నూట ముప్పై ఒకటి."

"తొమ్మిది. రెండు వందల పద్దెనిమిది."

ఆయన మీటరు మీది నుంచి కళ్లు తిప్పుకున్నాడు.

"చదవండి."

"నూట పద్దెనిమిది."

"అన్నిటికీ వందే కలిపారు. అబద్ధం కూడా మీ గడియారాల్లాగే సరిగ్గా నడిపారు. ఒక్క నిమిషం అటూ ఇటూ పోలేదు." ఆవిడ గొంతు లేవలేదు. లేస్తే బాగుండునని ఆయనకి అనిపించి ఉంటుంది. "పదకొండో తారీఖు ఈ కాగితంలో లేదు, కానీ నాకు గుర్తుంది. నేను కప్పు పగలగొట్టిన రోజు. మీరు చదివింది నూట డెబ్బై ఒకటి."

ఆయన మీటరు కింద పెట్టేశాడు.

"నేను చదవనా?" అని ఆవిడ మీటరు తన వైపు తిప్పుకుంది. "డెబ్బై ఒకటి."

కింద వీధిలో ఎవరో షాపులో ఎవరూ లేరేమిటని కేకేశారు. ఇద్దరూ కదల్లేదు.

"డెబ్బై ఒకటి చూశారు. చూసి, నూట డెబ్బై ఒకటి అని నాకు చదివి వినిపించారు. మీరు రాసిన పుస్తకం చూసే కదా డాక్టరు మాత్ర మోతాదు పెంచాడు? ఆ పెంచిన మాత్ర, డెబ్బై ఒకటి మీద, మీ చేత్తో నా చేతిలో పెట్టారు. మంచినీళ్ల గ్లాసు కూడా మీరే అందించారు. ఆ రోజు నాకు షుగర్ ఎక్కువైందనుకున్నాను. ఎక్కువై కాదు. పడిపోయింది."

"ఆ రోజు..." అన్నాడాయన. "ఆ రోజు నీకు రెండు బ్రెడ్డు ముక్కలు ఎక్కువ పెట్టాను. గుర్తుందా? తినమని ఎంత బతిమాలానో. నువ్వు ఒకటి తిని, ఒకటి వదిలేసి పరిగెత్తావు. సాయంత్రం నువ్వొచ్చేదాకా నేను షాపులో ఒక్క పని ముట్టుకోలేదు."

ఆ మాట వినేదాకా నాలుకమ్మ గుండెలో ఏ మూలో చిన్న ఆశ ఉంది. చత్వారం వల్ల పొరపాటుగా చదివాడేమో, ఏదో అయోమయంలో రాశాడేమో అని. రెండు బ్రెడ్డు ముక్కలతో ఆ ఆశ కాస్తా పోయింది. ఆ ఉదయం తను విసుక్కోవడం కూడా గుర్తొచ్చింది. "నూట డెబ్బై ఉంటే ఇంకా మేపుతారేంటండీ" అని నవ్వుతూ విసుక్కుంది. అప్పుడు ఈయన ముఖం ఎలా ఉందో చూడనే లేదు.

"తెలుసన్నమాట" అంది. "తెలిసే చేశారు."

"మానిపిద్దామనుకున్నాను" అన్నాడు. అని, ఒక్కసారిగా మాటలు దొర్లించేశాడు. "నీకు చెప్తే విన్నావా? డాక్టరు అన్న రోజు నుంచీ చెప్తూనే ఉన్నాను, ఆ కాఫీ కొంప మానెయ్యమని. రోజుకి అరవై కప్పులు! ఉమ్మేస్తే మాత్రం, నోట్లోంచి లోపలికి పోదా? నా మాట నీకు లెక్కలేదు. అంకెలైతే వింటావు. అందుకే అంకెలు చెప్పాను. మొదట ఇంట్లో కప్పు మానేశావు. సరే, ఇంకో నాలుగు వారాలు చూస్తే ఆ ఉద్యోగం కూడా మానేస్తావనుకున్నాను. వచ్చే వారం ల్యాబ్ పరీక్ష ఉంది, అందులో ఎలాగూ తెలిసిపోతుందని రోజూ భయపడుతూనే ఉన్నాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. మా అమ్మని చూశావు కదా. వేలు, పాదం, కాలు. ఒకదాని తర్వాత ఒకటి. ఆఖరి రోజు కూడా చేతిలో కాఫీ గ్లాసే. నువ్వూ అలా..."

"మీ అమ్మ కాలికి పొద్దునా సాయంత్రం కట్టు కట్టింది ఎవరు?"

ఆయన కళ్లు ఆవిడ చేతుల మీదికి పోయాయి.

"నేను కదా. నాకు చెప్తున్నారా ఆ కథ? ఆవిడ గ్లాసులో మూడు చెంచాల పంచదార ఉండేది. మాత్రలు దిండు కింద దాచేసేది. ఆవిడ కాలు తీసుకుపోయింది కాఫీ కాదు. మన డాక్టరు మీ ఎదుటే చెప్పాడు. ఉమ్మేసేదానితో పెద్ద గొడవ లేదమ్మా, మింగేది మాత్రం పంచదార లేకుండా తాగి, ముందూ వెనకా మీటరుతో చూసుకో, కాఫీ కొందరికి పెంచుతుంది, కొందరికి పెంచదు, నీ ఒంటినే అడుగు అన్నాడు. అడిగాను. నా ఒళ్లు జవాబు చెప్పింది. అది మీరు నాకు చెప్పలేదు."

ఆయన రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. భూతద్దం జారి బల్ల మీద పడి దొర్లింది. ఆవిడ దాన్ని ఆపలేదు.

"నన్ను తిట్టు" అన్నాడు చేతుల్లోంచే. "నాలుగు తిట్టు."

"తిడితే బాగానే ఉంటుంది మీకు." ఆవిడ కప్పు అడుగున మిగిలిన చుక్క తాగేసింది. "ఒక్కటే అడుగుతాను. నా చేత కాఫీ మానిపించాలనుకున్నారు, సరే. పెద్దాయనకి ఆ ఉత్తరం ఎందుకు రాశారు? నాలుక చచ్చిందని రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది?"

ఆయన తలెత్తాడు. "ఏ ఉత్తరం?"

"నాటకాలొద్దు."

"ఒట్టు. ఏ ఉత్తరమో నాకు తెలియదు. నీ నాలుక గురించి నేనెందుకు అంటాను? నేను కొత్త దుకాణంలో పొడి తెస్తే వాసన చూసే కనిపెట్టేస్తావు. నేనా మాట అంటానా?"

మనిషి మొహం చదవడంలో ఇక తన మీద తనకే నమ్మకం లేదు నాలుకమ్మకి. ఏడు వారాలు కళ్లు మూసుకుని చెయ్యి అప్పగించిన మనిషికి ఎదురుగా కూర్చుని ఏం చదువుతుంది? అయినా ఆ ముఖంలో కంగారు కొత్తగా ఉంది. ఇందాకటిది దొరికిపోయినవాడి కంగారు. ఇది వేరే.

"మరి ఈ పేజీ జిరాక్సు పెద్దాయన దగ్గరికి ఎలా పోయింది? పుస్తకం మీ సొరుగు దాటి పోదు కదా."

ఆయన కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంట్లో కాఫీయే లేని రోజుల పేజీ అది, పై మూల చిన్న కాఫీ మరక నీడ పడింది. చూస్తూ చూస్తూనే ఆయన రంగు మారిపోయింది.

"ఎవరికిచ్చారు?"

"పోయిన నెల, నువ్వు కప్పు పగలగొట్టడానికి ముందు ఆదివారం, మరదలు వచ్చింది. నువ్వు స్నానానికి వెళ్లావు. 'బావా, అక్క షుగర్ పుస్తకం ఒకసారి ఇవ్వండి, నాకు తెలిసిన పెద్ద డాక్టరున్నాడు, చూపిస్తాను' అంది. ఇచ్చాను. మర్నాడు తెచ్చిచ్చేసింది."

"నా చెల్లెలా?"

"నీ మంచి కోరే అడిగిందనుకున్నాను."

నాలుకమ్మ బల్ల అంచు పట్టుకుంది. తన పక్క కుర్చీలో పన్నెండేళ్లుగా కూర్చుంటున్న చెల్లెలు. చెంచా ఎలా పట్టాలో, గాలి ఎలా పీల్చాలో, పుల్లదనానికీ పులిసినదానికీ తేడా ఎక్కడుందో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. "పాపం, ఆ అంకెలు చూసి భయపడి ఉంటుంది. నిజమనుకుని..." అని తనే చెల్లెలి తరఫున మాట్లాడబోయింది.

"నిజమనుకోలేదు" అన్నాడాయన.

"అంటే?"

"ఆ డాక్టరు చూసి ఇంకేమైనా మందు రాస్తాడేమోనని నాకు భయమేసింది. అందుకని తనకి ఉన్నమాట చెప్పేశాను. ఇవి నేను వంద కలిపి రాసినవి, అక్క ఉద్యోగం మానాలని చేస్తున్నాను, ఎవరికీ చెప్పకు అని. తను పేజీలన్నీ తిప్పి చూసింది. తర్వాత, 'మంచి పని చేశారు బావా' అంది."

కప్పు పగిలిన రోజు నాలుకమ్మ కళ్ల ముందు మళ్లీ కదిలింది. చెల్లెలే అందరికంటే ముందు లేచింది. కొంగుతో అక్క మొహం మీద చెమట తుడిచింది. నోట్లో బిస్కెట్టు పెట్టింది. "షుగర్ బాగా ఎక్కువైనట్టుంది అక్కా" అంది, కొనుగోలుదార్లకి కూడా వినపడేంత గట్టిగా. చెల్లెలికి తెలుసు. ఎక్కువ కాలేదని తెలుసు. అందుకే బిస్కెట్టు పెట్టింది.

మరి పొగ మామ? నలుగురి మధ్యా తను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చి ఆవిడకి సిగ్గుతో ఒళ్లు మండింది. అన్నం పెట్టిన చెయ్యి కరిచావన్నది, ముసలితనంలో బుద్ధి గడ్డి తిన్నదన్నది. నేను కాదమ్మా అని తప్ప ఆయన ఇంకొక్క మాట అనలేదు. ఆయన బహుశా అప్పటికే ఏదో గ్రహించి ఉంటాడు. సొంత చెల్లెలి మీద చెప్పలేక నోరు మూసుకుని ఉంటాడు.

గంట గడిచింది. ఆవిడ ఇంకో వేలు పొడుచుకుంది. ఈసారి కళ్లు తిరగలేదు. మీటరు నూట పదమూడు చూపించింది.

"నాలుగు పెరిగింది" అంది. సొరుగులోంచి పుస్తకం తీసి తెరిచి, ఎనిమిది నెలల్లో మొదటిసారి తన చేత్తో రాసింది. కాఫీకి ముందు నూట తొమ్మిది, తర్వాత నూట పదమూడు. ఆయన చెయ్యి బల్ల మీదుగా కొంచెం ముందుకొచ్చి, మధ్యలో ఆగిపోయి, వెనక్కి పోయింది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

"అక్కా! ఉన్నావా?"

ఆయన లేవబోయాడు. "ఒక్క మాట కూడా మాట్లాడకండి" అని నాలుకమ్మే వెళ్లి తలుపు తీసింది.

చెల్లెలు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది. "ఇవాళ పొద్దున్నటి గింజలు కదూ! అదేంటక్కా, కాఫీ తాగావా? షుగర్ చూసుకున్నావా?"

"చూసుకున్నాను. రా, కూర్చో."

చెల్లెలు కూర్చోలేదు, బల్ల మీద పక్కపక్కనున్న జిరాక్సునీ మీటరునీ ఒకసారి చూసింది. చేతిలో కవరుంది. అక్క భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది. "పెద్దాయన కింద కారులో ఉన్నారు. నిన్ను తీసేశారన్న మాట నువ్వు పడటం నాకిష్టం లేదక్కా. ఆరోగ్యం బాగాలేక నీ అంతట నువ్వే తప్పుకుంటున్నట్టు ఇక్కడ ఒక్క సంతకం పెట్టు చాలు. పొద్దున్నుంచీ తిండి కూడా తినకుండా ఆయన వెంటపడి నేనే ఒప్పించాను."

నాలుకమ్మ కాగితం అందుకుని నిదానంగా చదివింది. ఆవిడ స్థానంలో రేపట్నుంచి ఎవరు కూర్చుంటారో కూడా అందులోనే రాసి ఉంది.

"ఇంత కష్టపడి ఒప్పించావు. సంతకం ఆయన ఎదుటే పెడతాను. పైకి రమ్మను."

"ఆయన మెట్లెక్కలేరక్కా. మోకాళ్ల నొప్పులు. నువ్విలా పెట్టిచ్చెయ్యి, నేను..."

"నేను తీసుకొస్తాను" అన్నాడు భర్త.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు.

"బావా!" అంది చెల్లెలు. ఆ పిలుపులో బతిమాలడం ఉంది, బెదిరింపు కూడా ఉంది. ఆయన వెనక్కి తిరగకుండా మెట్లు దిగిపోయాడు.

నాలుకమ్మ గబగబా కిటికీ దగ్గరికి పోయింది. ఈ మనిషి కింద ఏం చెప్తాడు? ఇప్పుడైనా ఉన్నది ఉన్నట్టు చెప్తాడా, దీనికీ ముందొక అంకె చేరుస్తాడా? ఆయన కారు అద్దం దగ్గర వంగి ఏదో అంటున్నాడు. చాలాసేపు అన్నాడు. కారు తలుపు తెరుచుకుంది. పెద్దాయన చేతికర్ర నేల మీద ఆనించి, ఆయన భుజం పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"వస్తున్నారు" అంటూ నాలుకమ్మ కిటికీ నుంచి వెనక్కి తిరిగింది.

చెల్లెలు బల్లకి అటువైపు, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ నిలబడి ఉంది. బల్ల మీద పుస్తకం ఉంది, జిరాక్సు ఉంది, ఖాళీ కప్పు ఉంది.

మీటరు లేదు.